‘మొనాకో’: ధనగర్వపు పాటకు అడుగున ఉన్న పాత పాట

కరీబియన్ సముద్రంలో అమెరికా అధీనంలో ఉన్న ప్యూర్టోరికో ద్వీపానికి చెందిన గాయకుడు బ్యాడ్ బన్నీ 2023 అక్టోబరులో విడుదల చేసిన ‘మొనాకో’ అనే లాటిన్ ట్రాప్ పాట గురించి మా శీర్షికకు అనేక ఉత్తరాలు వచ్చాయి. కీర్తి, డబ్బు, విలాసం తప్ప మరో విషయం లేనట్టు వినిపించే ఈ పాటను కొందరు మెచ్చుకున్నారు, కొందరు తప్పుపట్టారు, కొందరు అర్థం చెప్పమన్నారు. వాటిలో ఎంపిక చేసిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు స్పానిష్ రాదు. అయినా ‘మొనాకో’ పాటను చాలాకాలంగా వింటున్నాను. గాయకుడు అసలు ఏం చెబుతున్నాడు? ఈ లాటిన్ ట్రాప్ అనేది ఎక్కడ పుట్టింది? – ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: పాటలో కథ లేదు. నేను ఎంత ఎత్తుకు ఎదిగానో చూడండి అని ఒక యువకుడు తన పోటీదారులకు చెప్పుకోవడమే ఇందులోని విషయమంతా. మొనాకోలో ఫార్ములా 1 కార్ల పందెం, ఓడరేవులో విలాస నౌకలు, ఖరీదైన మద్యం, తన చుట్టూ చేరే అందగత్తెలు, తనను అందుకోలేక వెనుకబడిపోయిన గాయకులు, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొనాకోను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఫ్రాన్స్ దక్షిణ తీరాన మధ్యధరా సముద్రపు ఒడ్డున సుమారు రెండు చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న ఈ చిన్న రాజ్యంలో 1929 నుంచి నగర వీధుల్లోనే కార్ల పందెం జరుగుతోంది. ఓడరేవులో లంగరు వేసిన సొంత నౌక మీద కూర్చుని ఆ పందెం చూడటం ప్రపంచంలోని అతి సంపన్నుల వేడుకల్లో ఒకటిగా పేరు పొందింది.

ఇక ట్రాప్ విషయానికి వస్తే, ఇది అమెరికాలోని అట్లాంటా నగరంలో రూపుదిద్దుకున్న ర్యాప్ శాఖ. మాదకద్రవ్యాలు అమ్మే ఇళ్లకు అక్కడి వాడుకలో ఉన్న పేరే ఈ సంగీతానికీ వచ్చింది. మొదటి పాటలు ఆ వ్యాపారపు భయాన్ని, దాని నుంచి వచ్చే డబ్బును, ఆ డబ్బుతో తెచ్చుకున్న హోదాను వర్ణించాయి కాబట్టి సంపద ప్రదర్శన ఈ శాఖకు పుట్టుకతోనే అబ్బిన లక్షణం. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన 808 అనే డ్రమ్ యంత్రం నుంచి వచ్చే, ఛాతీలో మోగుతున్నట్టుండే లోతైన మంద్రనాదం, దానిపైన గబగబా దొర్లే తాళాల చప్పుడు దీని గుర్తులు. ప్యూర్టోరికో యువకులు ఈ నిర్మాణాన్ని తీసుకుని తమ వీధి స్పానిష్‌లో పాడటంతో లాటిన్ ట్రాప్ ఏర్పడింది. 2016లో దె లా గెట్టో, ఆర్కాంజెల్, ఒసునా, అనుయెల్ ఆఆ కలిసి పాడిన ‘లా ఒకాసియోన్’ దానికి విస్తృత ప్రచారం తెచ్చింది. బ్యాడ్ బన్నీగా మారిన బెనీతో ఆంటోనియో మార్టినెస్ ఒకాసియో అదే కాలంలో తన ఊరు వేగా బాహాలోని సూపర్ మార్కెట్‌లో కొనుగోలుదారుల సరుకులు సంచుల్లో సర్దే పని చేస్తూ, తీరిక దొరికినప్పుడు పాటలు తయారు చేసి ఇంటర్నెట్‌లో పెట్టేవాడు. తండ్రి లారీ డ్రైవరు, తల్లి ఉపాధ్యాయురాలు.

ప్రశ్న: లాటిన్ ట్రాప్‌కూ రెగెటోన్‌కూ తేడా ఏమిటి? రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి. – పాఠకుడు, నెల్లూరు

జవాబు: రెగెటోన్ అనే స్పానిష్ నృత్య సంగీతానికి జమైకా నుంచి వచ్చిన ‘డెంబో’ అనే దరువు ప్రాణం. అది పాట పొడుగునా ఒకే విధంగా సాగి కాళ్లను కదిలిస్తుంది. ట్రాప్‌లో ఆ దరువు ఉండదు, నడక సగం వేగంతో సాగుతున్నట్టు అనిపిస్తుంది, మాటలకు ఎక్కువ చోటు దొరుకుతుంది. ఒకే గాయకుడు రెండింటినీ పాడుతుండటం వల్ల మీకు ఆ పోలిక కనిపించి ఉంటుంది.

ప్రశ్న: మా మనవడు ఈ పాటను రోజూ పెట్టుకుంటున్నాడు. వాడి చేత అర్థం చెప్పించుకుని విన్నాను. పడవలు, కార్లు, నేను, నేను, నేను. దాశరథి శతకం, సుమతీ శతకం పాఠం చెప్పిన నాకు ఇందులో ధనమదం తప్ప ఏమీ కనిపించలేదు. మన సంప్రదాయంలో కవి తనను తాను ఇలా పొగడుకోలేదు కదా? – విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ అభ్యంతరంలో సగాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తాను. ఈ పాటలో స్త్రీల ప్రస్తావన నౌకలూ సీసాలూ వచ్చిన వరుసలోనే వస్తుంది. తోటి గాయకుల పట్ల చూపిన తిరస్కారం కొన్నిచోట్ల బూతులోకి దిగుతుంది. దాన్ని సమర్థించడం నాకు ఇష్టం లేదు.

అయితే ఆత్మస్తుతి మనకు లేదన్న మాట వద్దకు వచ్చేసరికి మీకు నాకంటే బాగా తెలిసిన శ్రీనాథుణ్ణి గుర్తుచేయక తప్పదు. ఆయన పేరిట ప్రచారంలో ఉన్న చాటు పద్యంలో కవిసార్వభౌముడు సరస్వతిని సంబోధిస్తూ, ముత్యాలశాలలో తనకు దీనార టంకాలతో స్నానం చేయించిన సంగతిని, గౌడడిండిమభట్టు కంచుఢక్కను పగలగొట్టించిన సంగతిని, సార్వభౌమ బిరుదు నిలబెట్టిన సంగతిని వరుసగా చెప్పుకుంటాడు. బంగారం ఉంది, రాజసభ ఉంది, ఓడిపోయిన ప్రత్యర్థి ఉన్నాడు, అతని వాద్యం ముక్కలైన దృశ్యం ఉంది. ఆ పద్యం వినగానే మనం శ్రీనాథుణ్ణి గర్విష్ఠి అని తోసిపుచ్చడం లేదు, సీస పద్యపు నడకలో ఆ గర్వం ఎంత ఠీవిగా ఒదిగిందో చూసి ఆనందిస్తున్నాం. ర్యాప్‌లో కూడా గొప్పలు చెప్పుకోవడం పందెపు నియమాలున్న ఒక విద్య. నీకంటే నేను మెరుగని చెప్పడం అందరూ చేసే పని, దాన్ని ఎంత కొత్తగా, ఎంత లయబద్ధంగా చెప్పగలిగాడన్నదే అక్కడి శ్రోత వేసే మార్కు. శ్రీనాథుడితో బ్యాడ్ బన్నీని సమానం చేయడం నా ఉద్దేశం కాదు. మీ మనవడు వింటున్నది మనకు పూర్తిగా పరాయి ధోరణి కాదని మాత్రమే చెబుతున్నాను.

ఇంకొక సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ గర్వం ఎవరి ముందు ప్రకటించబడుతోంది? ప్యూర్టోరికో 1898లో స్పెయిన్ చేతి నుంచి అమెరికా చేతికి వచ్చింది. 1917 నుంచి అక్కడి వారు అమెరికా పౌరులే, కానీ ద్వీపంలో ఉన్నంత కాలం అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేయలేరు. ఆ ద్వీపంలో పేదల కాలనీల ర్యాప్‌ను పాలకులు చాలాకాలం నేరంగానే చూశారు. 1995లో గవర్నర్ పెద్రో రొసెయో పాలనలో పోలీసులు రాజధాని సాన్ హువాన్‌లోని క్యాసెట్ దుకాణాలపై దాడి చేసి, అశ్లీలమనే ఆరోపణతో ర్యాప్ క్యాసెట్లను పట్టుకుపోయారు. 2002లో సెనేటర్ వెల్డా గొన్సాలెస్ ఆధ్వర్యంలో ఈ పాటల మీదా నృత్యం మీదా విచారణలు జరిగాయి. ఆ తరువాత 2019లో గవర్నర్‌గా ఉన్న రికార్డో రొసెయో, అంటే పెద్రో రొసెయో కుమారుడు, తన సన్నిహితులతో జరిపిన అవమానకరమైన సంభాషణలు బయటపడి ప్రజలు వీధుల్లోకి వచ్చినప్పుడు, ఆ జనంలో నిలబడి ఆయన రాజీనామా కోరిన వారిలో బ్యాడ్ బన్నీ ఒకడు. గవర్నర్ పదవి వదులుకోక తప్పలేదు. తండ్రి పాలనలో పోలీసులు ఎత్తుకుపోయిన సంగీతానికి వారసులైనవారు కొడుకు దిగిపోవాలని కోరిన ఊరేగింపుల్లో ముందు నడిచారు. ఇటువంటి చరిత్ర ఉన్న సంగీతంలో ఒక లారీ డ్రైవరు కొడుకు నేను మొనాకోలో ఉన్నాను అని అన్నప్పుడు, వినే ప్యూర్టోరికో పిల్లవాడికి అందులో మాకు చోటు లేదన్న చోట మావాడు కూర్చున్నాడన్న సంతోషం కూడా వినిపిస్తుంది. ధనమదం అక్కడ లేదని అనను, అది ఒంటరిగా లేదని మాత్రం గట్టిగా అంటాను.

ప్రశ్న: ‘మొనాకో’లో తీగవాద్యాలతో పాత సినిమా పాటలాంటిది వినిపిస్తుంది. అది ఎవరిది? ఇంత ఆర్భాటపు పాటకు అటువంటి దిగులు సంగీతం ఎందుకు పెట్టారు? – సంగీత విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఈ ఉత్తరం చదివినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది, ఎందుకంటే ఈ పాటలో అన్నిటికన్నా విలువైన భాగాన్ని మీ చెవి పట్టుకుంది.

మీరు విన్నది షార్ల్ అజ్నవూర్ 1964లో పాడిన ‘ఇయెర్ ఆంకోర్’ అనే ఫ్రెంచ్ పాట రికార్డులోంచి తీసుకున్న భాగం. నిన్నటిదాకా నాకు ఇరవై ఏళ్లు అన్న భావంతో ఆ పాట మొదలవుతుంది. అజ్నవూర్ 1924లో పారిస్‌లో ఆర్మేనియన్ శరణార్థుల కుటుంబంలో పుట్టాడు. పొట్టివాడని, బొంగురు గొంతని తొలినాళ్ల విమర్శకులు ఆయన్ను వెక్కిరించారు. గాయని ఎడిత్ పియాఫ్ ఆదరించాక కూడా సొంత పేరు నిలబడటానికి ఆయనకు చాలా ఏళ్లు పట్టింది. తన పేరు పెద్ద అక్షరాలతో వెలుగుతుందని కలలుగని చివరికి ఎవరికీ తెలియకుండా మిగిలిపోయిన గాయకుడి గురించి ఆయన 1960లో పాడిన పాటే ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. కాబట్టి కీర్తి అంటే ఏమిటో, అది రాకపోతే ఎలా ఉంటుందో బాగా తెలిసిన మనిషి ఆయన.

‘ఇయెర్ ఆంకోర్’ రాసే నాటికి ఆయనకు నలభై ఏళ్లు. అందులో మాట్లాడే వ్యక్తి తన యవ్వనాన్ని తలచుకుని బాధపడతాడు. కాలాన్ని నిమురుతూ ఆడుకున్నానని, అది పరిగెత్తుతుంటే పట్టుకోవాలనుకుని అలసిపోయానని, పిచ్చి పనుల్లో రోజులు పోగొట్టుకున్నానని, స్నేహితులు దూరమయ్యారని అంటాడు. అన్నిటిలోకీ ముఖ్యమైన ఒప్పుకోలు మరొకటి ఉంది. ఎవరితో ఏ సంభాషణ జరిగినా అందులో మొదట తననే నిలబెట్టుకునేవాడినని, ప్రపంచాన్ని తప్పుపట్టడానికి తొందరపడేవాడినని ఆయన చెబుతాడు. ఇప్పుడు ‘మొనాకో’ను మళ్లీ వినండి. పైన ఇరవై తొమ్మిదేళ్ల యువకుడు ఒక్క క్షణం ఆగకుండా తన గురించే మాట్లాడుతున్నాడు, ప్రత్యర్థులను తప్పుపడుతున్నాడు. అతని అడుగున, అలా మాట్లాడినందుకు పశ్చాత్తాపపడిన మధ్యవయస్కుడి పాట సాగుతోంది.

ఇది యాదృచ్ఛికం అయి ఉండవచ్చునని కొందరు అంటారు. శ్రావ్యంగా ఉన్న పాత రికార్డును తీసుకుని దానిపై బీటు వేయడం ర్యాప్‌లో నిత్యం జరిగే పనే, శాంపిల్ చేసేవారు ప్రతిసారీ మూలంలోని అర్థం గురించి ఆలోచించరు. అయినా ఈ పాట ఉన్న ఆల్బమ్ పేరు తీసుకోండి: రేపు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. నిన్న గురించిన పాటను రేపు గురించిన ఆల్బమ్‌లో ఈనాటి వైభవానికి పునాదిగా వేసినప్పుడు, దాని వెనుక ఉద్దేశం ఉందనే నేను నమ్ముతాను. ఒకవేళ అతను అంత ఆలోచించకపోయినా, వినిపించేది వినిపిస్తూనే ఉంటుంది. గొప్పలు చెప్పుకునే పాటలు చాలావరకు తొందరగా పాతబడటానికి కారణం వాటిలో బ్రాండ్ల పేర్లు మారిపోవడమే. ఈ పాటలోని వస్తువుల జాబితాకూ ఆ గతి పట్టవచ్చు. కానీ తన వైభవం కిందే దాని గడువును కూడా పరిచిపెట్టుకున్న పాట కాబట్టి, అతనికి అజ్నవూర్ వయసు వచ్చాక దీన్ని వేదిక మీద పాడితే ఇప్పటికన్నా బరువుగా వినిపిస్తుంది.

ఇక్కడ తెనాలి మాస్టారు ఉత్తరానికి ఒక చిన్న అనుబంధం. శ్రీనాథుడి పేరిట ఉన్న చాటువుల్లో కనకాభిషేకపు పద్యంతో పాటు, వృద్ధాప్యంలో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెను గుత్తకు తీసుకుని, పంట నష్టపోయి, ఏడువందల టంకాలు కట్టలేక ఎండలో పొగడదండ శిక్ష అనుభవించిన పద్యమూ ఉంది. మనకు వైభవం ఒక పద్యంలో, పతనం మరొక పద్యంలో దొరుకుతాయి. ‘మొనాకో’లో ఆ రెండు కాలాలూ ఒకేసారి మోగుతాయి.

ప్రశ్న: పాట వీడియోలో హాలీవుడ్ నటుడు ఆల్ పచీనో కనిపిస్తాడు. ఆయనకూ ఈ సంగీతానికీ ఏమిటి సంబంధం? – సినీ అభిమాని, కాకినాడ

జవాబు: 1983లో వచ్చిన ‘స్కార్‌ఫేస్’ సినిమాలో పచీనో టోనీ మొంటానా అనే పాత్ర వేశారు. క్యూబా నుంచి చేతిలో ఏమీ లేకుండా మయామీకి వచ్చి, కొకైన్ వ్యాపారంతో కోట్లు గడించి, చివరకు తన భవనంలోనే కాల్పుల్లో చనిపోయే పాత్ర అది. అమెరికా ర్యాప్ గాయకులు ఆ పాత్రను దశాబ్దాలుగా ఆదర్శ పురుషుడిగా తలచుకుంటూ వస్తున్నారు. అతని ఎదుగుదలను గోడలపై బొమ్మలుగా పెట్టుకుని, అతని చావును చాలామంది పట్టించుకోలేదు. వీడియోలో మాత్రం తుపాకీ పట్టిన టోనీ లేడు. ఎనభై మూడేళ్ల పచీనో ఒక రెస్టారెంట్‌లో యువ గాయకుడితో కలిసి కనిపిస్తాడు. అడుగున అజ్నవూర్, ఎదురుగా పచీనో. ఒకే పాటలో యవ్వనానికి ఇద్దరు పెద్దలు తోడుగా ఉండటం నాకు బాగా నచ్చింది.

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా పన్నెండేళ్ల అబ్బాయి తరగతిలో ప్యూర్టోరికో, డొమినికన్ కుటుంబాల పిల్లలు ఉన్నారు. వాళ్ల నుంచి ఈ పాటలు నేర్చుకుంటున్నాడు. బూతులున్నాయని తెలిసి ఆపమన్నాను, కానీ స్నేహితుల ముందు చిన్నబోతాడేమోనని బాధగా ఉంది. ఏం చేయాలి? – ఒక తల్లి, ఎడిసన్

జవాబు: అమ్మా, పన్నెండేళ్ల వయసుకు ఈ పాట తగదు. అందులో నాకు సందేహం లేదు, మీరు ఆపమనడం సరైనదే. ప్రధాన స్ట్రీమింగ్ యాప్‌లలో అభ్యంతరకరమైన పదాలున్న పాటలకు ప్రత్యేక గుర్తు ఉంటుంది. కుటుంబ ఖాతాలో ఆ పాటలు రాకుండా చేసే అమరిక కూడా ఉంటుంది. దాన్ని అబ్బాయికి చెప్పే పెట్టండి, చాటుగా పెట్టవద్దు.

కానీ పాటను ఆపడంతో పాటు స్నేహితుల సంస్కృతిని చిన్నచూపు చూస్తున్నామన్న అభిప్రాయం వాడికి కలగకుండా చూడటం ముఖ్యం. ప్యూర్టోరికో సంగీతం అంటే ట్రాప్ ఒక్కటే కాదు. గొంతుకు జవాబుగా గొంతు, చేతి డప్పుల వరుస ఉన్న ‘ప్లేనా’, ఆఫ్రికా బానిసల సంతతి కాపాడుకున్న ‘బొంబా’, న్యూయార్క్‌లోని ప్యూర్టోరికన్ కుటుంబాలు పెంచి పోషించిన సాల్సా ఉన్నాయి. మీ అబ్బాయి స్నేహితుల ఇళ్లలో పెద్దలు వినేవి అవే అయి ఉండవచ్చు. వాళ్లను ఒకసారి భోజనానికి పిలిచి, మీ ఇంట్లో పెద్దలు ఏం వినేవారని అడగండి. పదహారేళ్లు వచ్చాక వాడు ‘మొనాకో’ వింటానంటే, అనువాదం ముందు పెట్టుకుని మీరిద్దరూ కలిసి వినండి, అజ్నవూర్ పాటను కూడా పక్కనే వినిపించండి. ఈ గాయకుడి మాటల్లో ఏది నిజం, ఏది పోటీ కోసం చెప్పిన గొప్ప అని అడగండి. ఆ వయసు పిల్లలు మనం ఊహించినదానికన్నా నిశితంగా జవాబు చెబుతారు.

ప్రశ్న: విలాస నౌకల మీద కూర్చుని పాడే కోటీశ్వరుడికి తన ద్వీపంలోని పేదల తరఫున మాట్లాడే హక్కు ఎక్కడిది? ఇది ద్వంద్వ నీతి కాదా? – అర్థశాస్త్ర అధ్యాపకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు అర్థశాస్త్రం చెబుతారు కాబట్టి పన్నుల వైపు నుంచే సమాధానం ఇస్తాను. మొనాకో 1869లో తన నివాసులకు ఆదాయపు పన్ను రద్దు చేసింది. ఫ్రెంచ్ పౌరులకు తప్ప మిగిలినవారికి ఆ వెసులుబాటు నేటికీ ఉంది. ఓడరేవులో అన్ని నౌకలు కనిపించడానికి అది పెద్ద కారణం. ప్యూర్టోరికో ప్రభుత్వం కూడా 2012లో అటువంటి దారే పట్టింది. ద్వీపంలో సంపాదించిన ఆదాయానికి అమెరికా ఫెడరల్ ఆదాయపు పన్ను సాధారణంగా వర్తించదు కాబట్టి, ప్రధాన భూభాగం నుంచి వచ్చి స్థిరపడే సంపన్నులకు డివిడెండ్లు, వడ్డీ, వచ్చాక పెరిగిన మూలధన లాభాల మీద స్థానిక పన్నును కూడా తీసేస్తూ చట్టం చేసింది. అప్పటికే అక్కడ నివసిస్తున్న ప్యూర్టోరికన్లకు ఆ రాయితీ లేదు. అప్పులు 7,000 కోట్ల డాలర్లు దాటి ప్రభుత్వం 2017లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, అదే ఏడాది సెప్టెంబరులో మరియా తుఫాను విరుచుకుపడింది. ప్రభుత్వం తరువాత అంగీకరించిన అంచనా ప్రకారం 2,975 మంది చనిపోయారు. కొన్ని చోట్ల కరెంటు తిరిగి రావడానికి సంవత్సరం దగ్గర పట్టింది. ఆ తరువాతి ఏళ్లలో బయటి డబ్బు తీరప్రాంతపు ఇళ్లను కొనుక్కుంటూ పోవడంతో స్థానికులకు అద్దెలు అందకుండా పోయాయి.

అంటే ఈ గాయకుడు తన పాటలో మొనాకోను జయించానని పాడుతున్న కాలంలోనే అతని సొంత ద్వీపం బయటివాళ్లకు ఒక మొనాకోగా మారుతోంది. ఈ వైరుధ్యం ‘మొనాకో’ పాటలో ఎక్కడా ప్రస్తావనకు రాదు. అది ఆ పాటలోని లోటేనని నా అభిప్రాయం. అయితే అతనికి ఆ సంగతి తెలియదని అనలేం. ఏడాది ముందే, 2022లో, కరెంటు కోతల పేరు పెట్టుకున్న ‘ఎల్ అపగోన్’ పాట వీడియోలో పాత్రికేయురాలు బియాంకా గ్రావ్‌లావ్ తీసిన డాక్యుమెంటరీని చేర్చి, ఈ పన్ను చట్టాన్నీ ఇళ్ల నుంచి ఖాళీ చేయించడాన్నీ కోట్లాది శ్రోతల ముందు పెట్టాడు. డబ్బున్నవాడు మాట్లాడకూడదన్న నియమం పెట్టుకుంటే, ఆ డాక్యుమెంటరీకి అంతటి ప్రేక్షకులు దొరికేవారు కాదు. కాబట్టి అతని హక్కును నేను ప్రశ్నించను. ఆ హక్కును ఎంత తరచుగా, ఎంత స్పష్టంగా వాడుతున్నాడన్నదే చూస్తాను. 2025 జనవరిలో ద్వీపపు ప్లేనా, సాల్సా బాణీలతో కొత్త ఆల్బమ్ తెచ్చాడు. ఆ వేసవిలో సాన్ హువాన్‌లోనే వరుస కచేరీలు పెట్టి, మొదటి తొమ్మిదింటిని ప్యూర్టోరికో నివాసులకు మాత్రమే కేటాయించాడు. బయటి అభిమానులు ఆ తరువాత, ద్వీపానికి వచ్చి చూడవలసి వచ్చింది.